మటీజా కోటు జేబులో తాళంచెవి

ఫిలెమోన్ మవుంగా ముప్ఫై ఒక్కేళ్ళ ఉద్యోగంలో ఏ రిజిస్టరులోనూ ఒక్క అబద్ధం రాయలేదు. ఇది పొగడ్త అనుకునేరు, ఆయన కింద పనిచేసిన పంతుళ్ళ ఫిర్యాదు. ఒకసారి మూడో తరగతి గదిలోకి మేక జొరబడితే సందర్శకుల పుస్తకంలో ఆ సంగతి కూడా ఎక్కించాడు. "మేక, ఒకటి. వచ్చినది పదింబావు, వెళ్ళినది పది నలభై. వచ్చిన పని తెలియదు." ఆ పేజీ చూసిన జిల్లా అధికారి మేక సంతకం ఏదని అడిగాడట. మవుంగా నవ్వలేదు. మేకకి సంతకం రాదని వివరంగా చెప్పాడు.

అలాంటి మనిషి మా న్యామరింబా ప్రాథమిక పాఠశాలకి హెడ్ మాస్టరు. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షకి మా స్కూలుని కేంద్రం చేయించడానికి తొమ్మిదేళ్ళు అర్జీలు పెట్టాడు. అంతకుముందు మా పిల్లలు ప్రతి అక్టోబరులోనూ మిషన్ స్కూలుకి పోయి పరీక్ష రాసేవారు. పన్నెండు మైళ్ళు. తొలికోడి కూయగానే బయల్దేరితే ఎండ మాడ్చే వేళకి చేరేవారు. పరీక్ష కాగితం ముందు కూర్చుని సగంమంది నిద్రపోయేవారు. ఆ నిద్రకి మార్కులెవరిస్తారు?

కేంద్రం కావాలంటే ప్రశ్నపత్రాలు దాచే స్ట్రాంగ్ రూము ఉండాలన్నారు. కిటికీకి ఊచలు, ఇనుప తలుపు, రెండు తాళాలు, రెండు తాళంచెవులు ఇద్దరు వేరువేరు మనుషుల దగ్గర. ఊరంతా కలిసి ఇటుకలు కాల్చారు. ఇనుప తలుపు మాత్రం ఎక్కడా దొరకలేదు. చివరికి కూడలిలో దివాలా తీసిన మాంసం కొట్టు తలుపు పీక్కొచ్చి బిగించారు. దాని లోపలి వైపు ఇప్పటికీ మాంసం తగిలించే కొక్కేలున్నాయి. తలుపు తీసినప్పుడల్లా గొడ్డుమాంసం వాసన గుప్పుమంటుంది. అందుకే మా పిల్లలకి లెక్కల పేపరంటే ఆకలేస్తుంది. ఏమైతేనేం, మూడేళ్ళ కిందట కేంద్రం నంబరొచ్చింది. మవుంగా ఆ నంబరుని స్కూలు గోడ మీద తన ఎత్తు అక్షరాల్లో రాయించాడు.

ఇంత తపనకీ వెనక ఒక కథ ఉంది. ఆయన దాన్ని ఎవరికీ చెప్పలేదు గానీ ఊళ్ళో అందరికీ తెలుసు. యాభైయారులో ఆరో స్టాండర్డు పరీక్షకి ఈ ఊరి నుంచి ఇద్దరే వెళ్ళారు, ఫిలెమోనూ, జెరియా తోగరా. తరగతిలో తోగరా మొదటివాడు, ఫిలెమోను రెండోవాడు. సగం దారిలో ఏరు దాటుతుంటే పగిలిన రాయి తోగరా మడమని చీల్చింది. "నువ్వు పోరా, నేను వెనకే వస్తా" అన్నాడు తోగరా. ఫిలెమోను పోయాడు. తొమ్మిదికి పదినిమిషాల ముందు మిషన్ గేటులో అడుగుపెట్టాడు. తొమ్మిదికి గేటు మూశారు. తొమ్మిదీ ఇరవైకి తోగరా కుంటుకుంటూ వచ్చి గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఫాదరు రూలు రూలే అన్నాడు. మొదటి ప్రశ్న చదువుతూ ఫిలెమోను తల తిప్పితే కిటికీలోంచి ఆ ఊచలూ, ఆ చేతులూ కనిపించాయి. ఆ ఏడే తోగరాని వాళ్ళ నాన్న పశువుల వెంట పంపాడు. వాడు మళ్ళీ పలక పట్టలేదు. పెద్దయ్యాక పశువుల దొడ్లు కట్టడంలో నాలుగూళ్ళకీ మొనగాడయ్యాడు. నలభై ఏళ్ళుగా ఇద్దరూ ఎదురైతే నవ్వుకుంటారు, వాన గురించీ మొక్కజొన్న గురించీ మాట్లాడుకుంటారు. ఆ రోజు మాట మాత్రం ఎత్తరు.

సరే, తొంభైయారు అక్టోబరుకి వద్దాం. శుక్రవారం పొద్దున ప్రశ్నపత్రాలు వచ్చాయి, సీలు వేసిన కట్టలు, పక్కన కానిస్టేబులు. మవుంగా, డిప్యూటీ నైసన్ మటీజా కలిసి లోపల పెట్టి చెరో తాళం వేశారు. మవుంగా తన తాళంచెవిని తాడుకి కట్టి మెళ్ళో వేసుకున్నాడు. మటీజా తన దాన్ని గోధుమరంగు కోటు లోపలి జేబులో వేసి పైన పిన్నీసు గుచ్చాడు.

ఆ కోటు గురించి ఒక మాట చెప్పాలి. కాకులు కూడా కొమ్మ దిగని అక్టోబరు ఎండలో సైతం మటీజా ఆ కోటు విప్పేవాడు కాదు. మాట్లాడే ముందు రెండుసార్లు దగ్గేవాడు. కళ్ళజోడు ముక్కు చివరికి లాగేవాడు. చేతి గడియారం ఎప్పుడో ఆగిపోయింది. అయినా రోజూ కట్టుకునేవాడు. దాన్ని శ్రద్ధగా చూసుకుని, పక్కవాణ్ణి "టైమెంతయింది?" అని అడిగేవాడు. పదిహేడేళ్ళు అలాగే అడిగాడు. మంచివాడు. చచ్చినవాడి కళ్ళు చారెడని చెప్పడం కాదు, నిజంగానే మంచివాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, చెంబుడు పులిసిన గంజి తాగి, "ఎండ ఎక్కువగా ఉంది" అని మామిడిచెట్టుకి ఆనుకున్నాడు. అంతే, మళ్ళీ లేవలేదు.

సోమవారం పొద్దున్నే మవుంగా చావింటికి వెళ్ళాడు. మటీజా ముఖం చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదది. కానీ ఏడుస్తూనే బుర్రలో కోటు మెదిలింది. అది మెదిలినందుకు సిగ్గేసి ఇంకాస్త ఏడ్చాడు. పరీక్ష మంగళవారం తొమ్మిదింటికి. లెక్కలు, ఇంగ్లీషు, మా భాష షోనా, వరసగా మూడు రోజులు. రాసేవాళ్ళు నలభై ముగ్గురు. రెండు తాళాలూ పద్ధతిగా తెరుచుకోకపోతే కేంద్రం రద్దవుతుంది, ఈ నలభై ముగ్గురి ఏడాదీ గంగలో కలుస్తుంది, వచ్చే ఏడు నుంచి పిల్లలు మళ్ళీ ఆ పన్నెండు మైళ్ళూ, ఆ ఏరూ, ఆ గేటూ.

పోయినవాడి వస్తువులన్నీ దుప్పట్లో మూటగట్టి ఉన్నాయి. వాటిని పంపకాల రోజు వరకూ ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పోయినవాడు ఊరుకోడు, వెంటపడి అడుగుతాడు. మటీజా పెద్దక్క మేవిస్ ఆ మూటకి కాపలా. కాపలా అంటే పక్కన కూర్చోవడం కాదు, ఆ మూట మీదే కూర్చుంది. మేవిస్ కూర్చుందంటే కదిలించడం ఎద్దుల బండి తరం కూడా కాదు.

"అక్కా, కోటు జేబులో స్కూలు తాళంచెవి ఉండిపోయింది" అన్నాడు మవుంగా.

"ఉంటే ఉండనీ."

"అది నైసన్‌ది కాదక్కా. ప్రభుత్వానిది."

"నైసన్ జేబులోనే ఉంది కదా?"

"ఉంది."

"అయితే నైసన్‌దే. పంపకాలనాడు రా. పెద్దలు ఎవరికివ్వమంటే వాళ్ళకిస్తాం."

"పంపకాలెప్పుడు?"

"వానలు వెళ్ళాక. జూన్లోనో, జూలైలోనో."

"పరీక్ష రేపక్కా."

"చావు నిన్న మాస్టారూ."

మవుంగా మూలకి చూశాడు. మటీజా కూతురు నెత్సాయి తల్లి పక్కన నెత్తిన గుడ్డ కప్పుకుని కూర్చుంది. ఆ పిల్ల కూడా ఏడో తరగతే. పరీక్షలో పదిహేడో నంబరు.

"పిల్లనైనా రేపు పంపండి" అన్నాడు.

"తండ్రిని ఇంకా మట్టి చెయ్యలేదు. పిల్ల పోయి కూడికలు చేసుకోవాలా?" అంది మేవిస్. "ఊళ్ళో నలుగురూ ఏమంటారు? బుద్ధుందా మాస్టారూ మీకు?"

గుడ్డ అంచు కింద నెత్సాయి పిడికిట్లో చక్కగా చెక్కిన పెన్సిలు ఉంది. మవుంగా అది చూసి లేచి వచ్చేశాడు.

టెలిఫోను ఉన్నది కూడలి కొట్లో, ఎనిమిది మైళ్ళు. సైకిలు తొక్కుకుంటూ పోయి జిల్లా పరీక్షల ఆఫీసుకి ఫోను చేశాడు. అవతల ఎవరో గుమాస్తా ఎత్తాడు. మవుంగా సంగతంతా చెప్పాడు.

"రెండో తాళంచెవి అధికారి రాలేకపోతే రాతపూర్వకంగా అప్పగించాలండీ. నలభై రెండో పేజీ" అన్నాడు గుమాస్తా.

"ఆయన చనిపోయారండీ."

"విన్నాను. చాలా బాధాకరం. అప్పగించేటప్పుడు సంతకం పెట్టాలి, ఇద్దరు సాక్షులుండాలి."

"చనిపోయిన మనిషి సంతకం ఎలా పెడతాడండీ?"

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. "చనిపోవడం గురించి ఇందులో ఏమీ లేదు మాస్టారూ. జబ్బు ఉంది, బదిలీ ఉంది, ప్రసూతి సెలవు ఉంది. మూడింట్లో ఏది రాసుకోమంటారు?"

వేరేవాళ్ళయితే ఫోను నేలకేసి కొట్టేవాళ్ళు. మవుంగా నిజంగానే ఆలోచించాడు. "బదిలీ కాస్త దగ్గరగా ఉంది" అన్నాడు.

"బదిలీ అయితే ఏ చోటికో రాయాలి మరి."

మవుంగా దగ్గర ఆ వివరం లేదు. "తాళం పగలగొడితే?" అని అడిగాడు.

"పగలగొట్టిన గదిలోని పేపర్లు చెల్లవు. కేంద్రం రద్దు, పిల్లల పరీక్ష రద్దు. రేపు తనిఖీకి మేడం వస్తున్నారు. ఆవిడకి చెప్పుకోండి. తొమ్మిదికల్లా పేపర్లు బయటికి రాకపోయినా అంతే."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. మవుంగాకి గొయ్యి నిజంగానే ఉంది, ఊరి చివర తవ్వుతున్నారు. పొద్దు వాలుతుండగా తిరిగి వస్తూ అక్కడ ఆగాడు. తవ్వేవాళ్ళలో ముందున్నవాడు జెరియా తోగరా. తవ్వక తప్పదు, మటీజా వంశానికి సహ్విరా వాడే.

సహ్విరా అంటే పట్నం పిల్లలు స్నేహితుడనుకుంటారు. ఉత్త స్నేహితుడైతే ఇంత కథెందుకు? తాతల నాడు రెండు వంశాలు కట్టుకున్న ముడి అది. ఈ ఇంట్లో చావొస్తే ఆ ఇంటివాడు వచ్చి గొయ్యి తవ్వాలి, శవాన్ని దించాలి. ఆపైన పోయినవాడి బట్టలు తొడుక్కుని, వాడిలా నడిచి, వాడిలా దగ్గి, ఏడ్చేవాళ్ళని నవ్వించాలి. ఆ వేషంలో వాడు ఏం అడిగినా కాదనకూడదు, ఎంత తిట్టినా కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే మేక జరిమానా. పోయినవాడి మూట విప్పే హక్కు భూమ్మీద వాడొక్కడికే ఉంది. ఈ ముక్క మవుంగాకి పొద్దుటే తట్టింది. తట్టి ఏం లాభం, తోగరాని సాయం అడిగే మొహం ఆయనకి లేదు. అందులోనూ పరీక్ష విషయంలో.

తోగరాయే తల ఎత్తాడు.

"మేవిస్ తాళంచెవి ఇవ్వలేదంటగా?"

"ఇవ్వలేదు."

"రేపు ఎన్నింటికి కావాలి?"

"ఎనిమిదిన్నరకి."

తోగరా పార గట్టున పెట్టి చేతులు దులుపుకున్నాడు. "పిల్లలకి గేటు ఎన్నింటికి మూస్తావు?"

"తొమ్మిదిన్నరకి" అన్నాడు మవుంగా. "రూలు అదిరా. తొమ్మిదిన్నర దాకా ఆగొచ్చు."

"అరగంట ఇస్తున్నారన్నమాట" అని తోగరా మళ్ళీ పార అందుకున్నాడు.

మంగళవారం ఎనిమిదింబావుకి నలభై ఇద్దరు పిల్లలు బెంచీల మీద సర్దుకున్నారు. పదిహేడో నంబరు బెంచీ ఖాళీ. ఎనిమిదీ ఇరవైకి జిల్లా జీపులో తనిఖీ అధికారిణి దిగింది. పేరు చిపుంజా. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, నల్ల పెట్టె, ఎత్తు మడమల బూట్లు. మా స్కూలు ఇసకలో ఆ బూట్లు అడుగడుక్కీ దిగబడుతున్నాయి. మవుంగా జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె పెట్టె తెరిచి ఆకుపచ్చ అట్ట పుస్తకం తీసి నలభై రెండో పేజీ తిప్పింది.

"చదివానండీ" అన్నాడు మవుంగా.

"నేనూ చదివాను" అంది ఆమె. "మళ్ళీ చదువుతున్నాను."

ఇద్దరూ మాంసం కొట్టు తలుపు ముందు నిలబడ్డారు. ఎనిమిదిన్నర అయింది. ఎనిమిదీ నలభై అయింది. మవుంగా తన తాళం తెరిచి పెట్టాడు. రెండోది అలాగే వేలాడుతోంది. లోపల పిల్లలు పెన్సిళ్ళు మళ్ళీ మళ్ళీ చెక్కుకుంటున్నారు.

అప్పుడు దారి వైపు నుంచి డప్పులు వినిపించాయి. వాటితో పాటు ఏడుపూ, నవ్వూ, ఆడవాళ్ళ కేకలూ కలగాపులగంగా వచ్చాయి. మలుపు తిరిగి మటీజా సైకిలు వచ్చింది. సైకిలు మీద మటీజా కోటు, ముక్కు చివర మటీజా కళ్ళజోడు, చేతికి ఆగిపోయిన గడియారం. లోపలున్నది తోగరా. వెనక సీటు మీద నెత్సాయి, నెత్తిన ఇంకా ఆ గుడ్డే. వాళ్ళ వెనక చావింటి జనమంతా నడిచి వస్తున్నారు. అందరికన్నా ముందు మేవిస్, తిడుతూ, నవ్వుతూ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

జరిగిందేమిటో తర్వాత అందరూ చెప్పుకున్నారు. పొద్దున్నే తోగరా మేవిస్ ముందుకొచ్చి రెండుసార్లు దగ్గాడు. "అక్కా, లే. నా కోటు మీద కూర్చున్నావు. ఇస్త్రీ నలిగిపోయింది" అన్నాడు. మటీజా కోటుకి పుట్టి బుద్ధెరిగాక ఇస్త్రీ లేదు. రెండు రోజులుగా ఏడుస్తున్న ఆడవాళ్ళు ఒక్కసారిగా పగలబడి నవ్వారు. మేవిస్ కూడా నవ్వింది, నవ్వుతూ లేచింది. లేవక తప్పదు. కోటు తొడుక్కుని తోగరా నెత్సాయి దగ్గరికి వెళ్ళాడు.

"ఇవాళ పరీక్ష లేదా నీకు?"

"నాన్న చనిపోయాడు" అంది పిల్ల.

"ఎవరన్నారు? నేనిక్కడే ఉన్నాగా. ఎక్కు సైకిలు."

ఆ మాటతో నవ్వుతున్న వాళ్ళంతా మళ్ళీ ఏడ్చారట. పిల్ల లేచి సైకిలెక్కింది. తండ్రి రమ్మంటే వద్దనడానికి మేనత్త ఎవరు?

స్కూలు గేటు దగ్గర తోగరా సైకిలు దిగి, గడియారం శ్రద్ధగా చూసుకుని, వాచ్‌మన్ని అడిగాడు. "టైమెంతయింది?"

జనం గొల్లుమన్నారు. కిటికీలోంచి చూస్తున్న పిల్లలు మాత్రం నవ్వలేదు. అలవాటు కొద్దీ నలభై ఇద్దరూ లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ సర్" అన్నారు. "కూర్చోండి, కూర్చోండి. చెక్కిన పెన్సిలు మళ్ళీ చెక్కితే మిగిలేది పొట్టే" అన్నాడు తోగరా. అచ్చు మటీజా మాటే.

"ఎవరండీ ఈయన?" అంది చిపుంజా.

ఇంకొకడైతే ఏదో ఒకటి నసిగేవాడు. మవుంగాకి నసగడం కూడా రాదు. "జెరియా తోగరా అండీ. పశువుల దొడ్లు కడతాడు" అన్నాడు.

తోగరా రెండుసార్లు దగ్గాడు. "చూశారా హెడ్డు గారూ, పదిహేడేళ్ళు చాకిరీ చేస్తే పరాయివాళ్ళ ముందు దొడ్లు కట్టేవాణ్ణంటారు. పోనీ, నా చావుకి నేనే సెలవు చీటీ రాసుకోవాలా? అదీ ఇవ్వలేదు మీరు." తర్వాత కళ్ళజోడు మీంచి చిపుంజాని చూశాడు. "నువ్వెవరి పిల్లవమ్మా? మీ వంశం గుర్తేమిటి?"

"గుంబో" అంది ఆమె. అడిగితే చెప్పకుండా ఉండలేం మేము.

మటీజాలూ గుంబోలే, అంటే ఆమె కూడా ఆ వంశం పిల్లే. జనంలో అలజడి పుట్టింది.

"అయితే నా కూతురువే" అన్నాడు తోగరా. "కన్నతండ్రిని పట్టుకుని ఎవరండీ ఈయన అంటావా? బళ్ళో అదే నేర్పారా? మేక. ఒక మేక జరిమానా. ఆ బూట్లు కూడా ఇస్తే మీ అమ్మ వేసుకుంటుంది."

నెత్సాయి తల్లి ఆదివారం నుంచి మొదటిసారి నవ్వింది. చిపుంజా నవ్వలేదు. ఆమె ముఖం మరోలా అయింది. కోటు వంకే చూస్తూ, "మా నాన్న పోయినప్పుడు ఆయన టోపీ పెట్టుకుని వచ్చాడు మా సహ్విరా. నేను నవ్వలేకపోయాను. బస్సు దొరక్క ఆలస్యంగా వెళ్ళాను" అంది మవుంగాతో, మెల్లిగా. తర్వాత చేతి గడియారం చూసుకుంది. ఎనిమిదీ యాభై మూడు. ఆకుపచ్చ పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది.

"డిప్యూటీ గారూ, తాళం తెరవండి" అంది.

తోగరా పిన్నీసు తీశాడు. తాళంచెవి తిరిగింది. మాంసం వాసన గుప్పుమంది. సీళ్ళు చెక్కు చెదరలేదు. లెక్కపెట్టారు, సరిపోయాయి. తొమ్మిది గంట కొట్టేసరికి పదిహేడో నంబరు బెంచీలో నెత్సాయి నెత్తి మీద గుడ్డ తీసి మడత పెట్టి దాని మీద కూర్చుంది.

ఇక రిజిస్టరు. "రెండో తాళంచెవి అధికారి" అనే గడి ముందు మవుంగా కలం పట్టుకుని అయిదు నిమిషాలు చెమటలు కక్కాడు. మటీజా అని రాస్తే అబద్ధం. తోగరా అని రాస్తే కేంద్రం పోతుంది. చివరికి మేకని ఎలా రాశాడో అలాగే రాశాడు. "తాళంచెవి మటీజా కోటు జేబులోంచి వచ్చింది. కోటులో తోగరా ఉన్నాడు." చిపుంజా అది రెండుసార్లు చదివింది. వ్యాఖ్యల గడిలో "ఏమీ లేవు" అని రాసి సంతకం పెట్టింది. మేక సంగతి మర్చిపోలేదు, వారం తర్వాత జీపులో పంపించింది. మగమేక, మంచి కండ.

ఆ మధ్యాహ్నం మూడింటికి మటీజాని మట్టి చేశారు. మవుంగాకి అసలు చిక్కు అప్పుడు తెలిసింది. కోటు మూటలోకి తిరిగి వెళ్ళాల్సిందే, తాళంచెవితో సహా. మేవిస్ మళ్ళీ దాని మీద కూర్చుంది. పరీక్షలు ఇంకా రెండు రోజులున్నాయి.

"మరేం చేస్తాం" అన్నాడు తోగరా. "మటీజా ఇంకా రెండు రోజులు డ్యూటీ చెయ్యాలి."

బుధవారం ఎనిమిదీ ఇరవై అయిదుకి, మట్టి చేసిన మర్నాడు, మటీజా డ్యూటీకి వచ్చాడు. ఉన్నప్పుడు ఏనాడూ ఇంత పెందలాడే రాలేదని పంతుళ్ళు గొణుక్కున్నారు. పంతుళ్ళలో ఒకడు అలవాటులో పొరపాటున శనివారం సెలవు కూడా అడిగాడు. ఇవ్వనన్నాడు తోగరా. మటీజా కూడా ఇచ్చేవాడు కాదు.

ఆ రోజు వెంట వచ్చిన జనం పదిమంది. గురువారం ఎవరూ రాలేదు. నవ్వించడానికి ఎవరూ లేక తోగరా దగ్గడం కూడా మానేశాడు. నెత్సాయిని దింపి, తాళం తెరిచి, గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. మూడు రోజులూ అలాగే నిలబడ్డాడు, గేటు తలుపుకి మడమ అడ్డం పెట్టి, తొమ్మిదిన్నర దాకా. గురువారం తొమ్మిదీ ఇరవైకి ఏటి అవతలి పిల్లాడొకడు దుమ్ము కొట్టుకుపోయి పరిగెత్తుకొచ్చాడు. "నడువు, నడువు, పరిగెత్తకు, ఇంకా పది నిమిషాలుంది" అని వాణ్ణి భుజం పట్టి గది దాకా తీసుకెళ్ళి కూర్చోబెట్టి వచ్చాడు. మవుంగా గది గుమ్మంలోంచి అదంతా చూశాడు.

పరీక్షలైపోయాయి. జవాబు పత్రాల కట్టలు సీలు వేసి జీపెక్కించారు. పిల్లలు అరుచుకుంటూ ఇళ్ళకి పోయారు. తోగరా స్ట్రాంగ్ రూము మెట్టు మీద కూర్చుని కోటు విప్పి, మోకాళ్ళ మీద పెట్టి మడతపెట్టాడు. తాళంచెవి జేబులో వేసి పిన్నీసు గుచ్చాడు. మవుంగా పక్కన కూర్చుని ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం విప్పాడు. కాసేపు ఒలుచుకు తిన్నారు.

"ఫిలెమోనూ" అన్నాడు తోగరా. "ఆ రోజు మొదటి ప్రశ్న ఏమిటిరా?"

ఏ రోజని మవుంగా అడగలేదు. నలభై ఏళ్ళుగా ఆ ప్రశ్న ఆయన కళ్ళ ముందే ఉంది. అప్పచెప్పినట్టు చెప్పాడు. "తొంభై గజాల పొడుగు తిన్నటి కంచె. అయిదేసి గజాలకి ఒక గుంజ. రెండు కొసలా గుంజ ఉండాలి. మొత్తం ఎన్ని గుంజలు కావాలి?"

తోగరా చేతిలోని కాయ ఒలవడం కూడా ఆపలేదు. "పంతొమ్మిది."

మవుంగా పొట్లం కింద పెట్టాడు. "నేను పద్దెనిమిది రాశాను."

"పాసయ్యావుగా."

"పాసయ్యాను."

"అందరూ అదే చేస్తారు. నా దగ్గరికి పనికి వచ్చే కుర్రాళ్ళూ అంతే" అన్నాడు తోగరా. "మొదటి గుంజని వదిలేసి లెక్కపెడతారు."

మవుంగా ఇక ఆపుకోలేకపోయాడు. "నిన్ను వదిలేసి పోకుండా ఉండాల్సిందిరా. భుజానేసుకునైనా తీసుకెళ్ళాల్సింది. పరీక్ష పోతే పోయేది" అన్నాడు. మటీజా కోసం ఏడ్చినప్పటికన్నా ఎక్కువ ఏడ్చాడు.

తోగరా కాయలు తింటూ చాలాసేపు గేటు వంకే చూశాడు.

"వెళ్ళమన్నది నేనే" అన్నాడు చివరికి. "వెళ్తావనుకోలేదు."

మామిడి చెట్ల నీడ మెట్టు దాకా వచ్చింది. తోగరా లేచి కోటు చంకన పెట్టుకున్నాడు, మూటలోకి చేర్చాలి కదా. చేతికి మటీజా గడియారం ఇంకా ఉంది. విప్పబోతూ ఆగి దాన్ని శ్రద్ధగా చూసుకున్నాడు.

"టైమెంతయింది?"

మవుంగా చేత్తో మొహం తుడుచుకుని తన గడియారం చూశాడు. "ఒంటిగంటన్నర."

"అయితే ఇక గేటు మూసెయ్" అన్నాడు తోగరా. "అందరూ వచ్చేశారు."